పిస్టళ్ళ గదిలో చప్పుళ్ళు

ఆ పిస్టళ్ళ గది మంచిది కాదని మా అక్క ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారట. మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చెప్పకముందే ఆ సంగతి చెప్పారట.

సైన్యం వాళ్ళ పాత పిస్టళ్ళు దాచే గది అది. కిటికీ లేదు. మందపాటి ఇనుప తలుపు, దాని పైన గాలి కోసం గుప్పెడంత జాలీ... అంతే. పూర్వం ఆ గదిని చూసుకునే ఆయన్ని అందరూ స్టోరు మాస్టారు అనేవారు. సెలవుల ముందు ఒక సాయంత్రం ఆయన లోపల ఉండగానే తలుపు మూసుకుపోయింది. సెలవులయ్యాక తీసి చూస్తే గుండె ఆగి పడి ఉన్నాడు.

తలుపు మూసుకున్న ఆ మొదటి రాత్రే దెయ్యమైపోయాడట. తలుపు మీద గంట దానంతటదే మోగడం మొదలుపెట్టిందట. అంత తొందరేమొచ్చిందో మహానుభావుడికి. తెల్లారాక ఎవరో ధైర్యం చేసి గంట తీగ కోసేశారు.

గంట ఆగింది గానీ మాస్టారు ఆగలేదు. అప్పటినుంచీ రాత్రుళ్ళు లోపల ఠక్... కాసేపటికి మళ్ళీ ఠక్... పిస్టల్ పేల్చబోయే ముందు వచ్చే చప్పుడు. ఏం వినిపించినా పలకకూడదని, పలికితే ఇంటిదాకా వస్తాడని కాపలావాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవారు.

మా అక్కకి దెయ్యాల మీద నమ్మకం లేదు. ఉబ్బసం మాత్రం ఉంది.

ఆవిడ పని ఆ పిస్టళ్ళకి ఇంకా ఎంత ఆయుష్షు ఉందో తేల్చడం. మనుషుల కంటే పిస్టళ్ళే నయం అంటుంది అక్క. గొట్టం అరిగితే కొత్త గొట్టం, స్ప్రింగు అలిసిపోతే కొత్త స్ప్రింగు... మూడు తరాల సైనికుల నడుము మీద తిరిగిన పిస్టల్ కూడా నొక్కగానే పేలుతుంది. పేలాలి కూడా. అవతలివాడు గురిపెట్టినప్పుడు ఇది మొరాయిస్తే మోసేవాడి ప్రాణం పోతుంది.

ఆ సాయంత్రం అక్క చివరి బీరువా వెనక నేల మీద కూర్చుని పిస్టళ్ళు విప్పి చూస్తోంది. ఫోను, సంచి, సంచిలో ఉబ్బసం పంపు — అన్నీ బయట అరలో ఉన్నాయి. ఆ గదిలోకి ఏమీ తీసుకెళ్ళకూడదు.

స్టోరు కుర్రాడు గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి తొంగిచూశాడు. చీకటి పడే వేళ ఆ గదిలో అడుగుపెట్టడానికి వాడికేమన్నా పిచ్చా? ఎవరూ కనబడలేదు. తలుపు లాగేశాడు, బయటున్న స్విచ్చు కట్టేశాడు, వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి సెలవులు.

"బాబూ... నేనున్నాను" అని అక్క లేచేసరికి చీకటి.

తడుముకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళింది. లోపలివైపు గోడకి గంట మీట ఉంది. నొక్కింది. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కింది. తీగ కోసేశారన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మా బావ ఊళ్ళో లేడు. అక్క కోసం వెతికే మనిషే లేడు. అక్కడ దుమ్ము, నూనె వాసన... ఊపిరి అప్పుడే పిల్లికూతలు మొదలుపెట్టింది. పంపు గోడకి అవతలే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో. గోడ అడ్డం.

అప్పుడు — వెనకనుంచి —

ఠక్.

అక్క కదల్లేదు. నమ్మకం లేకపోవడం వేరు, చీకట్లో ఒంటరిగా ఉండి నమ్మకపోవడం వేరు అని తర్వాత నాతో అంది.

బయట రోడ్డు మీద లారీ ఏదో వెళ్ళింది. నేల సన్నగా అదిరింది. ఈసారి ఇంకో బీరువాలోంచి... ఠక్.

భయపడుతూనే చేతులు చాపి ఆ అర తడిమింది. పిస్టళ్ళలో తూటా లేదని తెలియడానికి స్లయిడు, అంటే పైనుండే ఇనుప తొడుగు, వెనక్కి లాగి కొక్కేనికి తగిలించి దాస్తారు. వరసలో అన్నీ అలాగే ఉన్నాయి. ఒక్కటి మాత్రం మూసుకుపోయి ఉంది. దాని కొక్కెం పట్టుకునే గాటుని గోటితో గీకి చూసింది. అరిగి నున్నగా అయిపోయింది. నేల అదిరితే చాలు, జారి ముందుకొచ్చేస్తుంది. గొట్టాలు మార్చారు, స్ప్రింగులు మార్చారు, ఆ చిన్న గాటుని ఎవరూ చూడలేదు.

ఇదా మీ మాస్టారు, అనుకుంది అక్క. నవ్వబోతే దగ్గొచ్చింది.

దెయ్యం తేలిపోయింది గానీ తలుపు తెరుచుకోలేదు.

జాలీలోంచి బూట్ల చప్పుడు వినబడింది. అక్క తలుపు బాదింది. బూట్లు ఆగాయి... మరుక్షణం పరుగెత్తాయి. అరుద్దామంటే గొంతులోంచి ఈల తప్ప ఏమీ రావడం లేదు. ఆ ఈల విన్నవాడు ఇంకాస్త గట్టిగానే పరుగెత్తి ఉంటాడు.

మళ్ళీ బూట్లు. ఈసారి ఇద్దరు, దూరంగా.

ఏం చేస్తే వీళ్ళు దగ్గరికొస్తారు? కాపలా దిగేటప్పుడు ప్రతివాడూ చేసే పని గుర్తొచ్చింది. ముందు మ్యాగజైను, అంటే తూటాలుండే డబ్బా, తియ్యాలి, తర్వాత స్లయిడు లాగి లోపల తూటా లేదని చూడాలి, చివర ట్రిగ్గరు. చేతిలో ఉన్న పిస్టల్‌కి ఖాళీ మ్యాగజైను పెట్టి, జాలీ కింద నిలబడి, అదే వరసలో చేసింది. తప్పు లేకుండా చేసింది.

బయట గుసగుస. "విన్నావా... మాస్టారే. నాకు నేర్పింది ఆయనే. అచ్చం అదే చెయ్యి."

మీసాల సెంట్రీ గొంతు అది. కొత్తవాళ్ళకి పిస్టల్ నేర్పేది ఆయనే. బూట్లు వెనక్కి జరిగాయి.

అక్కకి కళ్ళనీళ్ళు వచ్చేశాయి. ఛాతీ మీద బండ పెట్టినట్టుంది. ఎంత బాగా చేస్తే అంత దెయ్యం అయిపోతోంది తను.

మ్యాగజైను మళ్ళీ పెట్టింది. ఈసారి ముందు స్లయిడు లాగి వదిలింది. ఆ తర్వాత మ్యాగజైను తీసింది. ట్రిగ్గరు నొక్కింది. నిండు మ్యాగజైనుతో అలా చేస్తే తూటా లోపలే ఉండిపోయి ఎదురుగా ఉన్నవాడు పోతాడు. మళ్ళీ అదే చేసింది. మళ్ళీ —

"ముందు మ్యాగజైను తియ్యరా వెధవా" అని బయటనుంచి మీసాలాయన కేక.

 

"ఎవరది?" ఈసారి గొంతు తగ్గించి అడిగాడు.

అక్క జాలీవైపు మొహమెత్తి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుంది. "మాస్టారైతే... ఆ తప్పు... చేస్తాడా?"

తాళాల గుత్తి తెచ్చేసరికి అక్క గుమ్మానికి చేరగిలబడి ఉంది. తలుపుతో పాటే బయటికి ఒరిగింది. సంచిలోంచి పంపు తీసి నోటి దగ్గర పెట్టింది ఆ మీసాలాయనే.

ఊపిరి కుదుటపడ్డాక అరిగిన పిస్టల్ చూపించింది. స్లయిడు వెనక్కి లాగి తగిలించి, బల్లని అరచేత్తో చరిచింది. ఠక్. రెండో సెంట్రీ ఉలిక్కిపడి, తర్వాత పడీపడీ నవ్వాడు.

"ఇన్నేళ్ళూ దీనికా మేడం మేం వణికి చచ్చింది?"

"దీనికే."

మీసాల సెంట్రీ కూడా నవ్వాడు. "ఇంట్లో చెబితే మా ఆవిడ అన్నం పెట్టదు. నా మీసాలకే అవమానం."

అక్క నవ్వుతూనే తల పైకెత్తింది. తలుపు మీద గంట, దాని పక్కన వేలాడుతున్న తెగిన తీగ. ఇందాక నొక్కి నొక్కి వాచిన వేలు ఇంకా సలుపుతోంది.

"మరి ఆ గంట?" అంది.

"అది మాస్టారు పోయిన రాత్రి మేడం. కాసేపు మోగేది... ఆగేది... మళ్ళీ మోగేది. తెల్లారేదాకా. నేనే ఉన్నాను కాపలా. అందుకే పొద్దున..."

ఆయన మాట అక్కడ ఆగిపోయింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు.

ఆ గంట లోపల మీట నొక్కితే తప్ప మోగదని అక్క చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

అక్క ఆ రాత్రే తీగ కలిపించింది. రెండో సెంట్రీ లోపలికెళ్ళి మీట నొక్కాడు. అన్నేళ్ళు మూగగా ఉన్నా గంట చెక్కుచెదరలేదు, నొక్కగానే మోగింది. అది ఆగేదాకా మీసాల సెంట్రీ రెండు చేతులతో చెవులు మూసుకునే ఉన్నాడట.