కొండ రాకముందే ఆపిన సినిమా

ఇబ్రహీంపట్నం బస్ డిపో ఎదుట, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, చెరుకు రసం గ్లాసును బండి అంచున పదిలంగా పెట్టి మరీ కుప్పకూలాడు రత్నాకర్.

రోడ్డుకు ఆవలి వైపున దినపత్రిక చాటున నిలుచున్న దివాకర్ అది చూశాడు. పత్రికను మడిచి చంకలో పెట్టుకుని రోడ్డు దాటాడు. నాడి పట్టి చూశాడు. మెడ వెనుక, కాలరుకు అంగుళం కింద, ఆవగింజంత ఎర్రని చుక్క. సూది గుర్తు.

"వడదెబ్బనే. నీళ్లు కొట్టున్రి" అన్నారెవరో గుంపులోంచి.

దివాకర్ అతన్ని ఆటోలో పడుకోబెట్టి దవాఖానాకు చేర్చాడు. ఇన్ని పనులు చేసినా అతని గుండె ఒక్క లిప్త కూడా వేగం పెంచలేదు. లోకంలో తనను 'అన్నా' అని పిలిచే ఒకే ఒక్క మనిషి ఒడిలో తల వాల్చి ఉంటే కన్ను చెమర్చాలి. చెమర్చలేదు. ఆపదలో ధైర్యం ధీరుల లక్షణమంటారు పెద్దలు. ధైర్యమూ లేక, భయమూ లేక ఉండడాన్ని ఏమనాలో ఏ శాస్త్రమూ చెప్పలేదు. నీరింకిన చెరువులో రాయి వేస్తే అల లేవదు గదా! రెండేళ్లుగా దివాకర్ మనసు అలాగే ఉంది.

"రక్తంలో ఏదో విషముంది" అన్నాడు డాక్టరు. "ఏ విషమో తెలిస్తే విరుగుడు ఇవ్వగలం. తెలియకపోతే సాయంత్రం ఆరు దాకా గుండెను ఆడించగలం. ఆ పైన దైవాధీనం."

"ఆరు" అన్నాడు దివాకర్, గడియారం చూసుకుంటూ.

*

సాగర్ రోడ్డు మీద రంగుల జెండాల నడుమ ఒక ప్లాట్ల వెంచర్ సైట్ ఆఫీసు ఉంది. అది రహస్య విభాగపు స్థావరమని తెలిసినవారు ఏడుగురే. అక్కడ ఉన్న చిక్కల్లా ఒకటే, నిజంగా ప్లాట్లు కొనడానికి జనం వస్తూ ఉంటారు.

"ఈశాన్యం పెరిగిన ప్లాటు ఉందా?" అడిగాడు దివాకర్.

"ఉంది. దాంట్ల బాయి గూడ ఉంది" అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

కోడ్ సరిపోయింది. గోడ మీది లేఅవుట్ మ్యాపు తలుపులా తెరుచుకుంది. లోపల చీఫ్ వెంకటసుబ్బారావు ప్రొజెక్టర్ ముందు నిలబడి ఉన్నాడు. గోదావరి గట్టు మనిషి. ఎంతటి ఉపద్రవాన్నైనా పంచాంగం చదివినట్టు చెప్పడం ఆయన అలవాటు.

"కూర్చోవయ్యా. ఆదిభట్లలో ఒక కంపెనీ మన క్షిపణికి దారి చూపే చిప్ తయారుచేస్తోంది. ఆ డిజైన్‌ని లోపలి మనిషొకడు మెమరీ కార్డులోకి ఎక్కించాడు. కొంటున్నది ఆల్బట్రాస్ ముఠా."

"లోపటి మనిషి ఎవరు సార్?"

"అదే తెలియదు. మూడు వందల మంది స్టాఫ్. అందరి ఫోన్లూ, మెయిళ్లూ మన నిఘాలోనే ఉన్నాయి. గాలిలో ఒక్క మెసేజీ లేదు. అయినా ఎక్కడ, ఎప్పుడు కలవాలో వాళ్లకు తెలుస్తూనే ఉంది."

తెర మీద ఒక బొమ్మ పడింది. తెల్లని పొడుగాటి కారవాన్. లోపల పడకలు, వంటగది, గోడంత స్క్రీను.

"పుణ్యక్షేత్రాల యాత్ర అని పేరు. వారం నుంచీ చెరువు కట్ట దగ్గర, కంపెనీ బస్సులు ఆగే చోట నిలిచి ఉంది. ఇందులో ఇంటర్నెట్ లేదు. ఒక మీడియా బాక్స్ ఉంది, దాన్నిండా నాలుగు వందల సినిమాలు. దాని సొంత వైఫై వంద అడుగుల దాకా అందుతుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా ఫోనుకు కలుపుకుని ఆఫ్‌లైన్‌లో చూసుకోవచ్చు."

"సినిమాల్ల డేటా దాచిన్రా?"

"రత్నాకర్ ఆ బండికి డ్రైవరుగా చేరి కాపీ తెచ్చాడు. మన ల్యాబు నాలుగు వందలూ జల్లెడ పట్టింది. అవి సినిమాలేనయ్యా. కొన్ని బాగున్నాయట కూడా."

బొమ్మ మారింది. బట్టతల, బంగారు ఫ్రేము కళ్లజోడు. "డాక్టర్ ఎల్లా. పేరు మనదే గానీ పుట్టి పెరిగిందంతా పరదేశం. ఆల్బట్రాస్ మనిషి. విషాలు వాడి విద్య. వాడి సూది వాడికే గుచ్చుకునే ప్రమాదముంది గనుక విరుగుడు ఒంటి మీదే ఉంచుకుంటాడు."

బొమ్మ మళ్లీ మారింది. "ఎల్లా వెంట ఆ బండిలో ఉన్నది ఈమె" అన్నాడు చీఫ్.

శ్రీసుధ. విభాగంలోకెల్లా అందగత్తె, తెలివిగల ఏజెంటు. రెండేళ్ల కిందట సరిహద్దు ఆపరేషన్‌లో ఇద్దరు సహచరులు హతమైన రోజున శత్రువుల వైపు వెళ్లిపోయింది. ఆమెను ద్రోహిగా నిర్ధారించిన ఫైలు మీద సంతకం దివాకర్‌దే. ఆ సంతకం చేసిన నాటి నుంచే అతని నాలుకకు రుచీ, కంటికి తడీ లేకుండా పోయాయి.

"ఏజెన్సీ పంపిన కొత్త డ్రైవరువి నువ్వు. పేరు బాలనర్సింహ" అంటూ చీఫ్ ఒక చేతిగడియారం అందించాడు. "జామర్. నొక్కితే కిలోమీటరు దాకా ఏ సిగ్నలూ పనిచేయదు."

"సిగ్నలే లేనికాడ జామర్ ఏం చేసుకోను సార్?"

చీఫ్ ఆలోచించాడు. "టైం కూడా చూపిస్తుందిలే" అన్నాడు.

*

మధ్యాహ్నం ఒంటిగంటకు, నెరిసిన మీసం, ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలతో దివాకర్ కారవాన్ ఎక్కాడు.

ఎల్లా అతన్ని ఎగాదిగా చూశాడు. "నీకు ముందు వచ్చిన డ్రైవర్‌కు ఆరోగ్యం బాగాలేదు. నీ ఆరోగ్యం ఎలా ఉంది?" పుస్తకంలోంచి చదివినట్టుండే తెలుగు.

"మంచిగనే ఉన్న సార్."

"అలాగే ఉంచుకో."

కిటికీ పక్క కూర్చున్న శ్రీసుధ తలెత్తింది. ఆమె చూపు అతని పెట్టుడు మీసం మీద క్షణకాలం ఆగింది. గుర్తుపట్టింది. ఒక్క మాటతో అతని ప్రాణం తీయించగలదు.

"బండి జాగ్రత్తగా నడుపుతాడులెండి. చూస్తే తెలుస్తోంది" అని ఎల్లాతో చెప్పి, ఆమె మళ్లీ కిటికీలోంచి చెరువు వైపు చూసింది.

దివాకర్‌కు ఆశ్చర్యం కలగవలసిన చోటు అది. కలగలేదు గానీ, జరిగినదాన్ని గుర్తుపెట్టుకున్నాడు.

వెనుక వంటగదిలో బుగ్గమ్మ ఉంది. ఊళ్లోనే వంటకు కుదిర్చిన అరవై ఏళ్ల మనిషి. స్టీలు గ్లాసులో చాయ్ పోసి ఇచ్చింది. దివాకర్ గ్లాసు ఖాళీ చేశాక తన చాయ్ ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది.

"అయ్యో! చక్కెరనే వెయ్యలే. మొత్తం తాగినవ్ గద బిడ్డా, నోట్లె నాలుక లేదా?"

"తెల్వలే అవ్వా."

"తెల్వలేదంట! ఈ బండ్లకొచ్చినోళ్లందరు గిట్లనే ఉన్నరు." ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చుంది. "పాపం, పొద్దుగాల ఆ డ్రైవర్ పోరడు పడిపోయిండంట. నేను చెప్తనే ఉన్న, ఈ పిల్ల ఇనదాయె."

"ఏం చెప్పినవ్?"

"సినిమా గురించి. గా రామాయణం సినిమా లేదా, పాతది? మూడు దినాల సంది రోజు పొద్దుగాల ఏడింటికి పెడ్తది. సురువు నుంచి పెడ్తదా అంటే పెట్టది. ఉరికిచ్చి ఉరికిచ్చి లక్ష్మణసామి మూర్ఛపోయేకాడికి తెచ్చి ఆపుతది. బొమ్మ గట్లనే పెట్టి లేస్తది. హనుమంతుడు కొండ తేవద్దా? సామి కండ్లు తెరువద్దా? నడుమల ఇడిసిపెడ్తె ఇంటికి కీడు. మా ఇంట్ల ఎవలన్న రామాయణం చదివితె, లక్ష్మణసామి లేచెదాక దీపం గూడ కొండెక్కనియ్యరు."

దివాకర్ గ్లాసు కింద పెట్టాడు.

అతని తండ్రి యుద్ధకాండ పారాయణ చేసేవాడు. ఎంత అలసినా, గొంతు బొంగురుపోయినా, సంజీవని వచ్చి సౌమిత్రి లేచి కూర్చునేదాకా గ్రంథం మూసేవాడు కాడు. తెలుగు నేల మీద పుట్టిన ఏ మనిషీ ఆ ఘట్టంలో కథ ఆపడు. శ్రీసుధ భీమవరంలో పుట్టింది. ఆమె తాత నిత్య పారాయణపరుడని ఆమె ఫైలులోనే ఉంది. మరి మూడు రోజులుగా అక్కడే ఎందుకు ఆపుతోంది?

ఫోను తీసి బాక్సుకు కలిపాడు. సినిమాల పట్టిక వచ్చింది. అన్నిటికంటే పైన, 'చూస్తూ ఆపినవి' అనే వరుసలో ఒకే చిత్రం. ఎక్కడ ఆపారో ఏ రోజుకారోజు బాక్సు గుర్తుపెట్టుకుంది.

సోమవారం, 2:16:10. మంగళవారం, 2:16:25. ఈ రోజు, 2:16:40.

పొద్దున ఆటోలో రత్నాకర్ జేబులోంచి తీసి దాచిన నోట్‌బుక్ తెరిచాడు. సోమవారం పేజీలో రత్నాకర్ రాసుకున్నాడు: 'సాయంత్రం 4:10. కంపెనీ బస్సు ఆగగానే ఎల్లా కిందికి దిగాడు. ఏమీ జరగలేదు.' మంగళవారం, '4:25. మళ్లీ దిగాడు.'

బొమ్మ ఆగిన చోటులో ముందున్న రెండును వదిలేస్తే పదహారు గంటల పది నిమిషాలు, అంటే సాయంత్రం నాలుగూ పది. పదహారు గంటల ఇరవై అయిదు.

ఉదయం ఎనిమిదింటికి డ్యూటీకి పోతూ, లోపలి మనిషి బస్ స్టాపులో నిలబడి ఫోనులో సినిమాల పట్టిక చూస్తాడు. బొమ్మ ఎక్కడ ఆగిందో చూసుకుంటాడు. మెసేజీ లేదు, కాల్ లేదు. ఆగిపోయిన సినిమాయే ఆజ్ఞ. రెండు రోజులు రిహార్సల్. ఈ రోజు అసలు పని, నాలుగూ నలభైకి.

దివాకర్ టైరులో గాలి చూసే నెపంతో కిందికి దిగి, చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"ఈశాన్యం ప్లాటుకు నాలుగు నలభైకి రిజిస్ట్రేషన్ సార్. సాక్షులను పంపుండ్రి."

*

నాలుగూ నలభైకి కంపెనీ బస్సు కట్ట దగ్గర ఆగింది. బుగ్గమ్మ మిరపకాయ బజ్జీలు వేయించి, తువ్వాలతో చేతులు తుడుచుకుంటోంది. స్టాఫ్ దిగి, యాత్ర పేరున రోజూ ఉచితంగా పంచే చాయ్ కోసం కారవాన్ కిటికీ ముందు మూగారు. మెడలో నీలం ట్యాగున్న ఒక నడివయసు మనిషి చాయ్ తాగి, పేపర్ కప్పును పారవేయకుండా, కిందికి దిగి నిలబడ్డ ఎల్లా చేతికి ఇచ్చాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో, ప్లాటు చూడవచ్చిన భార్యాభర్తల్లా నిలబడ్డ ఇద్దరు ఏజెంట్లు అతన్ని చెరో రెక్క పట్టుకున్నారు.

ఎల్లా అది చూశాడు. ఒక్క గంతులో లోపలికొచ్చి తలుపు బిగించాడు. అప్పటికే దివాకర్ డ్రైవర్ సీటు వదిలి నడవలో నిలబడి ఉన్నాడు.

"నువ్వూ డ్రైవర్‌వి కాదన్నమాట" అన్నాడు ఎల్లా. ఎడమచేతిలో పేపర్ కప్పు, దాని అడుగున మెమరీ కార్డు. కుడిచేతితో చొక్కా లోపలి జేబులోంచి చిటికెన వేలంత సీసా తీసి, నడవ పక్కన చేతులు కడిగే సింకు తూము మీద పట్టుకున్నాడు. "ఇది నీ మిత్రుడి ప్రాణం. లోకంలో ఇంకో సీసా దొరికేసరికి రెండు రోజులు పడుతుంది. అతనికి అంత వ్యవధి లేదు. బండి తియ్. నన్ను హైవే మీద దింపితే సీసా నీది, కార్డు నాది. కాదంటే తూముది."

దివాకర్ కదలలేదు. ఒక పళ్లెంలో దేశం, మరో పళ్లెంలో తమ్ముడిలాంటివాడు. ఎవరికైనా గుండె రెండుగా చీలవలసిన క్షణం. అతని లోపల ఏ ముల్లూ కదలలేదు. ఏది వదిలినా తనకు నొప్పి తెలియదని మాత్రం తెలిసింది. ఆ తెలియడమే, ఎక్కడో చాలా దూరంలో, కొంచెం భయంగా ఉంది.

"అయిదు లెక్కపెడతాను" అన్నాడు ఎల్లా. "ఒకటి. రెండు."

సీసా మూత ఊడింది.

"మూడు. నాలుగు."

సరిగ్గా అప్పుడు వంటగదిలోంచి బుగ్గమ్మ వచ్చింది. ఆమెకు సీసా కనబడలేదు, కప్పు కనబడలేదు. గోడంత తెర మీద ఉదయం నుంచీ కళ్లు మూసుకుని పడి ఉన్న లక్ష్మణస్వామి ఒక్కడే కనబడ్డాడు.

"మీ పంచాయితి పాడుగాను! ముందుగాల సామిని లేవనియ్యున్రి!" అంటూ రిమోట్ అందుకుని నొక్కింది.

కారవాన్ లోపలి ఆరు స్పీకర్లూ, పైకప్పు మీది రెండూ ఒక్కసారిగా గర్జించాయి. హనుమంతుడు కొండను పెకలించాడు. ఉలిక్కిపడిన ఎల్లా తల తెర వైపు తిరిగింది, అరక్షణం.

దివాకర్‌కు అరక్షణం చాలు. ఎల్లా మణికట్టును పట్టి పైకి విరిచాడు. సీసా అతని అరచేతిలోకి నిటారుగా జారింది. ఒక్క చుక్క ఒలికింది, అంతే. పేపర్ కప్పు మాత్రం గాలిలోకి ఎగిరి కిటికీ వైపు పోయింది. అందుకున్న చేయి శ్రీసుధది.

ఆమె కార్డును కప్పులోంచి తీసి దివాకర్ ఖాకీ జేబులో వేసింది. తరువాత ఎల్లా కళ్లజోడు తీసి పక్కన పెట్టి, అతని చెవి కింద ఒక్క పోటు పొడిచింది. ఎల్లా మెత్తగా కూలబడ్డాడు.

"సినిమా నన్నే ఎంచుకోమన్నాడు" అంది ఆమె, రొప్పుతూ. "రెండు గంటల పదహారో నిమిషంలో లక్ష్మణమూర్ఛ ఉన్నదాన్ని వెతికి పెట్టాను. నా పక్కనే ఎప్పుడూ వాడు, నోరెత్తే వీల్లేదు. నన్ను అటువైపు పంపిన అధికారి కన్నుమూశాడు. నేను మీ మనిషినేనని చెప్పేవాళ్లు మిగల్లేదు. మన వాళ్లెవరైనా చూస్తే అక్కడ ఆపడం తప్పని పట్టుకుంటారనుకున్నాను. మూడు రోజులు అరిచినట్టే ఆపాను. రత్నాకర్‌కి ఆ కథ అంతవరకూ తెలిస్తేగా! విన్నది బుగ్గమ్మగారొక్కరే."

"నీ ఫైల్ మీద సంతకం నాది" అన్నాడు దివాకర్.

"తెలుసు. చూశాను. ఒక్క అక్షరం కూడా వంకరపోలేదు."

దివాకర్ సీసాకు మూత బిగించి, కారవాన్ స్టార్ట్ చేశాడు.

*

విషం పేరు సీసా మీదే ఉంది. అయిదూ పదికి విరుగుడు ఎక్కింది. ఆరుకు పది నిమిషాలుండగా రత్నాకర్ రెప్పలు కదిలాయి.

"అన్నా."

"ఊఁ."

"కార్డు?"

"దొరికింది. పండుకో."

అధికారులు కారవాన్‌ను దవాఖానా ఆవరణలోనే సీజ్ చేశారు. మీడియా బాక్సును మాత్రం బుగ్గమ్మ పట్టాభిషేకం అయ్యేదాకా ముట్టుకోనివ్వలేదు. వెంకటసుబ్బారావు కూడా చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని చివరి దాకా నిలబడ్డాడు. ఆ నలభై నిమిషాలను రిపోర్టులో 'సాక్ష్యాధార పరిశీలన' అని రాశారు.

పట్టాభిషేకం చూసి బుగ్గమ్మ లోపలికి వచ్చింది. ఫ్లాస్కులోంచి గ్లాసులో చాయ్ పోసి, మంచం పక్కనున్న దివాకర్‌కు ఇచ్చింది. అతను ఒక గుక్క తాగాడు. ఆగాడు. గ్లాసులోకి చూశాడు. మళ్లీ ఒక గుక్క తాగాడు.

"అవ్వా, దీంట్ల చక్కెర లేదు."

బుగ్గమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"పొద్దుందాక మూగోని లెక్క ఉండె. తమ్ముడు కండ్లు తెరిచిండో లేదో, చాయ్‌కి వంకలు పెట్టవట్టె!"