నాన్న బొటనవేలు

"ముట్టుకోకండి!"

ఆ అమ్మాయి అతనితో అన్న మొట్టమొదటి మాట అదే. బయట వాన దంచికొడుతోంది. ఆమె సగానికి పైగా తడిసిపోయింది. గొడుగు మాత్రం చేతిలోని చెప్పుల పెట్టె మీదే ఉంది.

"ముట్టుకోకుండా అచ్చు తీసే విద్య నేనింకా నేర్చుకోలేదండీ," అన్నాడు అచ్చులబ్బాయి. బొమ్మలకు రబ్బరు అచ్చులు తీసి, వాటిలో నకళ్ళు పోసి ఇవ్వడం అతని పని. అందుకే వీధంతా అతన్ని అలా పిలుస్తుంది.

"అంటే... మెల్లగా ముట్టుకోండి."

"అదీ మాట!"

పెట్టెలో అరచేతిలో పట్టేంత కుక్కపిల్ల ఉంది. ఎప్పటికీ ఎండని నూనె మట్టితో చేసింది. తన తోక తానే పట్టుకుని కసిగా కొరుక్కుంటోంది. చూడగానే అతనికి నవ్వొచ్చింది.

"మా నాన్న చేశారు," అంది ఆమె. "బస్సు డ్రైవరుగా ఉన్నప్పుడు, బస్సు ఆగిన చోటల్లా సీట్లో కూర్చుని ఇలాంటివి చేసేవారు. ఇదే ఆఖరిది. ఆ తర్వాత పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పుడు మట్టి పేరెత్తితేనే మొహం తిప్పుకుంటారు. నకలు తీసి చేతిలో పెడితే కాస్తయినా మనసు మారుతుందేమోనని."

అతని నవ్వు ఆగిపోయింది.

"ఒక మాట ముందే చెప్పాలండీ. సిలికాన్ రబ్బరుని కుంచెతో పూస్తాను. మొదటి పూత పల్చగా, ప్రతి సందులోకీ దిగేలా. అది బంకబంకగా అయ్యాక దాని మీద ఇంకోటి, చిక్కగా. ఆఖరున ప్లాస్టరు తొడుగు. రబ్బరు గట్టిపడ్డాక మేజోడు ఊడదీసినట్టు తీస్తాను. కానీ మెత్తటి మట్టి కదా, అప్పుడు బొమ్మ నలిగిపోవచ్చు. ఇక మిగిలేది అచ్చే."

ఆమె పెట్టెలోకి వంగి చూసింది. "బొమ్మ మీద ఏముంటే అది అచ్చులో పడుతుందా?"

"వెంట్రుక ఉన్నా పడుతుంది."

"అయితే తియ్యండి."

ఎందుకలా అడిగిందో అతను కనుక్కోలేదు. కనుక్కుని ఉంటే ఇద్దరికీ ఆ ఏడుపు తప్పేది.

ఆమె వీధి మలుపులోని కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఇల్లు ఆ షాపు పైనే. ఈ సంగతి తెలిశాక అచ్చులబ్బాయికి ఉన్నట్టుండి చూపు మీద అనుమానం పుట్టింది. వెళ్ళి కుర్చీలో కూర్చుని, గోడ మీది అక్షరాలన్నీ గడగడా చదివేశాడు.

"మీ కళ్ళకేం రోగం లేదు," అంది ఆమె, ఎవరివో కళ్ళద్దాల మీద వేలిముద్రలు తుడుస్తూ.

"ఇంకోసారి సరిగ్గా చూడండి."

"చూశాను. కళ్ళకైతే లేదు."

అతను నేల మీద కాలు ఆనకుండా తన షాపుకి తిరిగొచ్చాడు. ఆ హుషారులోనే కుక్కపిల్లని బల్ల మీద పెట్టాడు. అచ్చు పనిలో ఒక అలవాటుంది. పూత వేసేముందు బొమ్మ మీది గీతలూ నొక్కులూ సాపు చెయ్యాలి, లేకపోతే ప్రతి నకలులోనూ అవే వస్తాయి. మిగతావాళ్ళ బొమ్మలకు పైపైన చేసే ఆ పని, ఈ బొమ్మకు ప్రాణం పెట్టి చేశాడు. టర్పెంటైనులో ముంచిన సన్నటి కుంచెతో చెవులు, మెడ, వీపు అన్నీ నిమిరాడు. కుక్కపిల్ల వెన్నపూసలా తేలింది.

మర్నాడు పిలిచి చూపించాడు. మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

ఆమె బొమ్మని తిప్పి తిప్పి చూసింది.

"వీపు మీద మా నాన్న బొటనవేలి ముద్ర ఉండాలి."

అతను బొమ్మ వీపు వైపు చూశాడు. నున్నగా మెరుస్తోంది.

"ఆ గీతలు కూడా కనబడేవి. బొమ్మ మీద ఏముంటే అది అచ్చులో పడుతుందన్నారు కదా. నాక్కావలసింది అదే. కుక్క కాదు. ఆ చెయ్యి ఇంక ఏదీ చెయ్యదు. ఆఖరిసారి చేసిన గుర్తు అదొక్కటే ఉంది. తుడిచేశారు."

"నేను బాగుంటుందని..."

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

బొమ్మని బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. అతను తల పట్టుకుని కూర్చున్నాడు. నకిలీ ముద్ర వేసి మోసం చెయ్యొచ్చునన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. ఆ క్షణానికి తన మీద తనకే అసహ్యం వేసింది. పెట్టె చంకన పెట్టుకుని కళ్ళద్దాల షాపు పక్క మెట్లెక్కి వాళ్ళింటికి వెళ్ళాడు.

తలుపు తీసింది ఆమే. పక్కకు జరిగింది. డ్రైవరు గారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు, కుడిచెయ్యి ఒళ్ళో దిండు మీద.

"అయ్యా, నేను అచ్చులు తీసేవాణ్ణి. మీ బొమ్మ మీద మీ వేలిముద్రని నేనే చెరిపేశాను. దిద్దడానికి నాకు దారి లేదు. మీకు చెప్పకుండా ఉండలేక వచ్చాను."

ఆయన ఎడమచేత్తో బొమ్మని అందుకున్నారు. మాటలు ఆగి ఆగి వచ్చాయి.

"బాగా... నున్నగా చేశావే. నా జన్మలో ఇంత నున్నగా చెయ్యలేదు." తర్వాత కూతురి వైపు చూశారు. "ఇందాకట్నుంచీ ఏడుస్తున్నది దీనికోసమా?"

"ఆ ముద్ర మళ్ళీ రాదు కదా నాన్నా."

ఆయన బొమ్మని దిండు మీద పెట్టుకున్నారు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని ఎత్తారు. సాయం చేద్దామని అచ్చులబ్బాయి ముందుకు వంగితే, ఆమె అతని చొక్కా పట్టి ఆపింది. నుదుట చెమట పట్టింది ఆయనకు. ఆ బరువైన బొటనవేలిని కుక్కపిల్ల వీపు మీద ఆనించి, పైనుంచి ఎడమ అరచేత్తో నొక్కారు.

ముద్ర వంకరగా పడింది. ఒక పక్క బాగా లోతుగా దిగింది.

"ఈ వేలు కూడా నాదే," అన్నారు రొప్పుతూ. "తుడుస్తావా?"

"తుడవనండీ," అన్నాడు అతను. కళ్ళు తుడుచుకోవడం మాత్రం తప్పలేదు.

ఆదివారం డ్రైవరు గారు కూతురి భుజం ఆసరాతో అచ్చుల షాపుకి వచ్చారు. మట్టి పేరెత్తొద్దన్న మనిషి, పని దగ్గరుండి చూస్తానని పట్టుబట్టారు. బొమ్మ పెట్టిన చెక్కని ఆమె మెల్లగా తిప్పుతుంటే, అతను మొదటి పూత వేస్తున్నాడు. కుంచె కొసతో అద్దుతూ, ముద్ర గీతల్లో గాలి మిగలకుండా.

"ఆ రోజు అంత ఇదిగా ఎందుకు తుడిచారు?" అంది ఆమె, గొంతు తగ్గించి.

"మీరొచ్చి చూస్తారని. మీరంటే నాకు ఇష్టం. అడగకుండా చేశాను, తప్పే. ఇప్పుడు అడుగుతున్నాను."

చెక్క తిరగడం ఆగిపోయింది.

"మొదట్లోనే అడిగి ఉంటే," అంది ఆమె తల ఎత్తకుండా, "మొదట్లోనే సరే అనేదాన్ని."

"బుడగలొస్తున్నాయి," అన్నారు వెనకనుంచి డ్రైవరు గారు. "కుంచె ఆపకు."

రబ్బరు గట్టిపడ్డ రోజున, తోక దగ్గర చిన్న కోత పెట్టి అతను అచ్చుని ఊడదీశాడు. అనుకున్నట్టే మట్టి కుక్కపిల్ల నలిగిపోయింది. అతను రబ్బరుని లోపలి వైపు బయటకు వచ్చేలా తిరగేసి ఆమె చేతిలో పెట్టాడు. మట్టిలో గుంటగా ఉన్నది అచ్చులో ఉబ్బుగా వచ్చింది. ముద్ర కాదది. గీతలతో సహా బొటనవేలే.

ఆమె దాని మీద తన వేలు ఆనించి, "నాన్నా, నువ్వే," అంది.

ఆయన ఎడమచేత్తో అచ్చుని అందుకున్నారు. "ఎన్ని నకళ్ళు తియ్యొచ్చు దీంతో?"

"చాలా వస్తాయండీ. మీ ఇంటికొకటి, అమ్మాయి గారికొకటి..." కాస్త తటపటాయించాడు. "మీరు సరేనంటే నాకూ ఒకటి."

"దండగ," అన్నారు డ్రైవరు గారు. "నాకొకటి తియ్యి. మీ ఇద్దరికీ కలిపి ఒకటి చాలు."