జున్ను పోయిన ఊరు

కిష్టవ్వ పొద్దున్నే బర్రె పాలు పిండుకొచ్చి, అలవాటుగా కాసిన్ని మూతలో పోసి, "జున్నూ, రావే తిండిబోతుదానా" అని పిలిచింది. పిలిచాక గుర్తొచ్చి, మూత పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది.

పొయ్యి దగ్గర కోడలు జమున తల ఎత్తలేదు. భర్త గోపాల్ దుబాయ్ పోయే ముందు అంగీలో దాచుకొని తెచ్చిన పిల్లి జున్ను. "నేను లేనప్పుడు మీకు తోడుంటది" అన్నాడు. మొన్న ఉన్నట్టుండి తిండి మానేసింది, నురగలు కక్కింది. చెన్నూరులో పశువుల డాక్టరు సూది వేసి, "జర ఆలస్యమైందమ్మా" అన్నాడు. నిన్న తెల్లవారుజామున అత్తాకోడళ్లిద్దరూ దాన్ని పెరట్లో సీతాఫలం చెట్టు కింద పాతిపెట్టారు.

నిద్ర లేచిన కూతురు అమూల్య "జున్నేది?" అని అడిగితే, జమునకు నోటికొచ్చింది ఒక్కటే మాట. "బాపు దగ్గరికి పోయింది బిడ్డా." ఆ ఇంట్లో కనిపించనివాళ్లు పోయే ఊరు అదొక్కటే మరి.

ఇప్పుడు గోపాల్ వీడియో కాల్‌తో ఫోను మోగింది. అమూల్య ఉరికి అందుకుంది.

"బాపూ, జున్నును చూపెట్టు!"

గోపాల్ నవ్వాడు. "గీడ యాడిది బిడ్డా? మనింట్లనే ఉండె గదా!"

"నీ దగ్గరికే వచ్చిందని అమ్మ చెప్పింది. దాస్తున్నవా?"

జమున ఫోను గుంజుకొని, "సిగ్నల్ లేదు, మళ్ల చేస్త" అని కట్ చేసింది.

కిష్టవ్వ మూతను కింద పెట్టింది. అమూల్య వాకిట్లోకి పోయేదాకా ఆగింది.

"సచ్చినదాన్ని నా కొడుకున్న జాగకు పంపిస్తివా? జర సోయి లేదానే నీకు?"

"పోరి ఏడుస్తదని చెప్పిన అత్తమ్మా..."

"ఏడ్వనియ్యి! పానం లెక్క పెంచుకున్నది పోతె ఏడ్వదా?"

"ఏడిస్తె ఎవరు ఊకుంచాలె?" జమున పొయ్యి ముందు నుంచి లేచింది. "నువ్వు పొద్దంత చేన్ల ఉంటవు. రాత్రి అది కాళ్ల మీద పండుకుంటె ఇంట్ల ఇంకెవరో ఉన్నరనిపిస్తుండె. అబద్ధమాడిన పాపానికి ఇప్పుడు నాకు ఏడ్సెటందుకు గూడ లేకపాయె."

గడపలో చప్పుడైంది. అమూల్య ఎప్పుడు తిరిగొచ్చిందో ఎవరూ చూడలేదు.

"అమ్మా, బాపు దగ్గరికి పోవుడంటె సచ్చిపోవుడా? మరి బాపు?"

జమున బిడ్డను వాటేసుకుంది. "కాదు నా తల్లీ, కాదు. నేనే తప్పు చెప్పిన. జున్ను పానం బాగలేక సచ్చిపోయింది. బాపు పనికి పోయిండు. పనికి పోయినోళ్లు తిరిగొస్తరు."

అమూల్య గట్టిగా ఏడ్చింది. అప్పటిదాకా ఆపుకున్న జమున కూడా ఏడ్చింది. కిష్టవ్వ కొంగుతో మనవరాలి ముక్కు తుడిచి, "రోజు తిట్టినంత మాత్రాన నాకు లేదా దుక్కం?" అంటూ మూత తీసుకొని ఇద్దరినీ చెట్టు దగ్గరికి నడిపించింది. పచ్చి మట్టిమీద పాలు మెల్లగా ఇంకిపోయాయి.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి జమున దాన్ని బిడ్డ చేతికే ఇచ్చింది.

"బాపూ, జున్ను సచ్చిపోయింది. నీ దగ్గరికి రాలే. నువ్వే రా."

అటువైపు గోపాల్ అంగీ చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"అమ్మ ఏడుస్తున్నదా?"

"ఆఁ. బాపమ్మ గూడ."

"ఏడ్వనియ్యి బిడ్డా. ఫోను కట్ చెయ్యకు. గట్లనే పట్టుకో. నేను గూడ మీతోనే కూసుంట."

అమూల్య ఫోనును చెట్టు మొదట్లో ఆనించి, తను పక్కకు జరిగి తండ్రికి చోటిచ్చింది.