పొగ రాని వైరు

"నీ తమ్ముడు మంటలో పోలేదు. పొగలో పోయాడు," అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్‌ని ఫ్యూజ్ అంటారు, ఎప్పుడు ఎగిరిపోతాడో తెలియదని. ఇవాళ ఎగరలేదు. చీఫ్‌కి అదే భయం వేసింది.

"కరెంటు ప్యానెల్ లోపల వాడే వైరు వేడికి తట్టుకోవాలి. కాలినా నల్లపొగ, విషవాయువు రాకూడదు. ఒక విదేశీ ముఠా మామూలు పీవీసీ తొడుగు మీద 'లో స్మోక్' అని అచ్చు గుద్ది అమ్ముతోంది. వైర్‌మ్యాన్ కదా, మీవాడు ఆ అచ్చు నమ్మి బిగించాడు."

"ఎవరు సార్?"

"సెంటు దొర అంటారు. ఇవాళ మధ్యాహ్నం ఏదో ఒక బిల్డింగ్‌లో ప్యానెళ్లని రిమోట్‌తో ఓవర్‌లోడ్ చేస్తాడు. హత్య అని ఎవరూ అనరు, షార్ట్ సర్క్యూట్ అంటారు. ఏ బిల్డింగో తెలియదు. ఊళ్లో సగం చోట్ల ఆ వైరే ఉంది. వాడు నాకు ప్రాణాలతో కావాలి."

"ప్రయత్నిస్తాను సార్," అన్నాడు ఏజెంట్. గొంతులో ఆ ఉద్దేశమేమీ లేదు.

దొర ఫ్యాక్టరీకి అతను నెరిసిన విగ్గుతో, దళసరి కళ్లద్దాలతో పెద్ద కాంట్రాక్టరులా వెళ్లాడు. సేల్స్ మేడమ్ ఎదురొచ్చింది. ఆమె నడిచొస్తుంటే గుమాస్తాలు లెక్కలు తప్పుతారు.

"ఎర్త్ ఉందా?" అడిగాడు.

"న్యూట్రల్ కూడా ఉంది," అంది మేడమ్. కోడ్ కలిసింది. ఆమె జీతం దొర దగ్గర తీసుకుంటుంది, పని చీఫ్‌కి చేస్తుంది.

పెద్ద ఆర్డరు అనేసరికి దొర స్వయంగా దిగివచ్చి, బేస్‌మెంట్‌లోని తన ప్యానెల్ గది చూపించడానికి తీసుకెళ్లాడు. ఇద్దరూ లోపలికి వెళ్లాక మేడమ్ బయట తాళం వేసింది.

ఏజెంట్ విగ్గు తీసేసి, బ్రేకర్ ట్రిప్ కాకుండా కట్టేసి, టెస్టింగ్ లోడ్లన్నీ ఆన్ చేశాడు. ప్యానెల్ గుర్రుమంది.

"కిటికీ లేదు దొరగారూ. ఏ బిల్డింగో చెప్పండి."

దొర నవ్వాడు. "ఇందులో ఉన్నది అసలు వైరు. నా గదిలో నకిలీ వేసుకునేంత పిచ్చివాణ్ణా?"

"మీ స్టోర్ కీపర్‌ని అడిగారా?"

ఏజెంట్ ప్యానెల్‌లో కనెక్షన్ ఇవ్వని వైరు కొస నుంచి ఒక ముక్క కత్తిరించాడు. లైటర్ నొక్కితే మంటతో పాటు సన్నని రాగి తీగ లేచింది. తీగ ఎర్రబడ్డాక వైరు తొడుగుకి అద్ది మళ్లీ మంటలో పెట్టాడు. మంట ఆకుపచ్చగా మారింది.

ఆ రంగు దొరకి బాగా తెలుసు. రాగి మీద క్లోరిన్. అంటే పీవీసీ, నకిలీ వైరు. ఊరందరినీ మోసం చేసినవాడికి, తనని తన మనుషులే మోసం చేశారని నమ్మడానికి ఎంతోసేపు పట్టలేదు. పరుగెత్తి తలుపు బాదాడు.

"తాళం నా దగ్గరే ఉంది సార్," అంది మేడమ్ బయటినుంచి. "ముందు ఆయనకి జవాబు చెప్పండి."

ప్యానెల్ దగ్గర వేడి వాసన మొదలైంది.

"పిల్లల ఆసుపత్రి!" అని అరిచి, ఆపే కోడ్ కూడా కక్కేశాడు. ఏజెంట్ చేతి వాచీలోని వైర్‌లెస్‌లో దాన్ని రెండుసార్లు చెప్పాడు. వాచీ గరగరలాడింది.

"ఆగింది," అంది చీఫ్ గొంతు. "ఆఖరి సెకనులో. పిల్లలు క్షేమం."

అయినా ఏజెంట్ మెయిన్ స్విచ్ ఆపలేదు. తమ్ముడు ఆ పొగ చీకట్లో తలుపు ఎటో తెలియక గోడలు తడుముకుని ఉంటాడు. వీణ్ణీ అలాగే తడుముకోనివ్వాలని అతనికి ప్రాణం కొట్టుకుంది. దొర నేల మీద బోర్లా పడి, ముక్కు గచ్చుకి ఆనించి ఏడుస్తుంటే కళ్లారా చూశాడు. అప్పుడు ఆపాడు.

దొర తలెత్తాడు. "పొగ రాలేదేం?"

"మీ ప్యానెల్‌లో వైరు అసలుదే. పాపం, మీ స్టోర్ కీపర్ నిజాయితీపరుడు. కత్తిరించినది చేతిలో దాచేశాను, నేను కాల్చిన ముక్క వేరు. నా తమ్ముడు పోయిన గదిలోంచి తెచ్చింది."

మేడమ్ తలుపు తీసి బేడీలు వేసింది. దొర పాత పొగరు కూడదీసుకున్నాడు. "నాకు లాయర్లున్నారు. జైల్లో ఎన్నాళ్లో ఉండను."

"ఉన్నన్నాళ్లు జాగ్రత్త," అన్నాడు ఏజెంట్. "జైల్లో కొత్త బ్లాక్ ప్యానెళ్లకి మీ వైరే వేశారట. మార్చమని ఉత్తరం రాస్తాను. నాకు తీరికైనప్పుడు."