భర్తను బయటికి పంపి అడిగిన మాట

"అయ్యో దేవుడా, ఎవడు తిప్పాడు దీన్ని!"

గుసగుసగా అరవడం అనే విద్య ఒకటుంటుందని నాకు ఆ శనివారమే తెలిసింది. లండన్‌లో ఉన్నాను. ఇంగ్లండ్ లండన్ కాదు, మా ఒంటారియో లండన్. యూనివర్సిటీ లైబ్రరీ కింది అంతస్తులో పాత రికార్డులు చూసే మైక్రోఫిల్మ్ మెషీన్ ముందు కుర్చీ ఖాళీగా కనిపిస్తే కూర్చున్నాను. చక్రం కనిపిస్తే తిప్పాను. తెర మీద పాతకాలపు చేతిరాత సర్రున పరిగెడుతుంటే భలే ఉందే అని ఇంకాస్త తిప్పాను.

వెనక ఆ అమ్మాయి. చేతిలో నీళ్ళ సీసా, ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలు, వాటి వెనక నిప్పులు.

"నేనేనండీ," అన్నాను, తెలుగు వినపడిన ఆనందంలో.

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. తర్వాత నన్ను కింది నుంచి పైకి చూసింది. "మీరు... వాసంతి ఆంటీ వాళ్ళబ్బాయా? విష్ణు గారు?"

"సాత్విక గారా?"

మా అమ్మా, వాళ్ళమ్మా బెజవాడలో కాలేజీ స్నేహితులు. 'ఊరికే ఓసారి కాఫీ తాగిరారా, పెళ్ళిచూపులేం కాదు' అని అమ్మ నెలరోజులు నస పెడితే నేనుండే వాటర్లూ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చాను. శనివారాలు లైబ్రరీలోనే ఉంటానని, అక్కడికే రమ్మని ఈవిడ మెసేజ్ పెట్టింది.

"పొద్దుట్నుంచీ వెతికితే దొరికిన పేజీ అండీ అది! దీనికి ఇండెక్స్ లేదు, సెర్చ్ లేదు. వెనక్కి తిప్పండి. మీరే వెతకండి."

"ఏం వెతకాలి?"

"జేకబ్ డెల్‌ఫోర్డ్. ఈ పేరు కనిపించేదాకా కాఫీ లేదు."

ఇదీ నా పెళ్ళిచూపులు.

సాత్విక హిస్టరీలో మాస్టర్స్ చేస్తోంది. థీసిస్ అంతా ఒకే ఒక్క కుటుంబం మీద. అమెరికా ఇంకా దేశం కాకముందు, న్యూయార్క్ కాలనీలో సేద్యం చేసుకున్న జేకబ్ డెల్‌ఫోర్డ్, అతని భార్య, పిల్లలు. అమెరికా వాళ్ళు ఇంగ్లండ్ రాజు మీద తిరగబడితే జేకబ్ రాజు పక్షాన ఉండిపోయాడు. భూమి జప్తయింది. కుటుంబం సరిహద్దు దాటి ఇటు వచ్చేసింది.

"వచ్చాక ఇక్కడి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. పోగొట్టుకున్న ఆస్తికి రుజువులు, సాక్షులు, ప్రమాణపత్రాలు..."

"అంటే ఇక్కడ స్థిరపడటానికి మనం పెట్టే పీఆర్ అప్లికేషన్!"

"ప్రాసెసింగ్ టైమ్ కూడా అంతే," అంది. మొదటిసారి పెదవి చివర నవ్వు లాంటిది మెరిసింది. నేను చక్రం ఇంకాస్త ఉత్సాహంగా తిప్పాను.

"మెల్లగా!"

"సారీ. ఇదేంటండీ, 'పొఫెషన్' అని రాశాడు? ప్రొఫెషన్ రాయబోయి ఆర్ మర్చిపోయాడా?"

"అది పొసెషన్. ఆ రోజుల్లో ఒక ఎస్‌ని ఎఫ్‌లా సాగదీసేవాళ్ళు."

"ఓహో. మరి ఈ భూమికి తూర్పున జేకబ్ డెల్‌ఫోర్డ్ ఉన్నాడు."

"ఏమన్నారు?"

"ఇది వేరేవాడి దస్తావేజు. కానీ హద్దుల్లో మనవాడున్నాడు. తూర్పున జేకబ్ డెల్‌ఫోర్డ్ భూమి, ఉత్తరాన వాగు. చెక్కుబందీ అండీ! మా నాన్న గన్నవరం దగ్గర ప్లాట్ కొన్నప్పుడు వాట్సాప్‌లో ఆ కాగితాలన్నీ నాతో పైకి చదివించాడు. నాలుగు దిక్కులా ఎవరెవరు ఉన్నారో రాయకపోతే మన దగ్గర రిజిస్ట్రేషనే అవదు."

సాత్విక నా భుజం మీదుగా తెరలోకి వంగింది. ఆమె పోగొట్టుకున్న పేజీ కాదది. అంతకన్నా మంచిది.

"నేను జేకబ్ దస్తావేజు కోసమే వెతుకుతున్నాను," అంది నెమ్మదిగా. "అది కాలిపోయిందో, పోయిందో, ఎక్కడా లేదు. పక్కవాళ్ళ దస్తావేజుల్లో వెతకాలని తట్టలేదు నాకు."

అలా వెతికితే సాయంత్రానికి మిగతా దిక్కుల పొరుగువాళ్ళూ దొరికారు. ఆ రోజు కాఫీ నేనే కొన్నాను. వాన మొదలైంది. కాఫీ చల్లారిపోయేదాకా ఆవిడ టిష్యూ పేపర్ మీద వాగు గీసింది, నేను చుట్టూ పొరుగువాళ్ళని పెట్టాను. మధ్యలో మిగిలిన ఖాళీయే జేకబ్ పొలం.

ఎంత వింతో చూడండి! మనిషి కాగితం లేదు, సమాధి లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు "మా పక్కన ఫలానావాడు ఉండేవాడు" అని నాలుగు వైపులా చెబుతుంటే మధ్యలో ఆ మనిషి లేచి నిలబడ్డాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం నా కారు దానంతట అదే లండన్ దారి పట్టేది.

కోర్టు పుస్తకాలు ఇంకా గమ్మత్తు. జేకబ్ పంది పక్కవాడి మొక్కజొన్న చేలో పడిందని ఒక కేసు. జేకబ్ కోర్టుకి రాలేదని ఇంకో కేసు. వచ్చి జడ్జిని తిట్టాడని మూడో కేసు.

"మీ హీరో మా బాబాయిలా ఉన్నాడండీ," అన్నాను.

"మీ బాబాయి పంది పెంచుతారా?"

"జడ్జిని తిడతాడు. టీవీలో."

లైబ్రరీ అని మర్చిపోయి పకపకా నవ్వేసింది. నేను కూడా. ఎప్పుడో తప్పిపోయిన పందిని చూసి, కోడింగ్ చేసుకునే బెజవాడ కుర్రాడూ ఒక వైజాగ్ అమ్మాయీ ఒంటారియోలో కూర్చుని నవ్వుతున్నారు. ఆ కోర్టు గుమస్తా అది రాసేటప్పుడు ఊహించి ఉంటాడా?

ఒకసారి హద్దుల్లో 'ఇండియన్ల భూమి' అని వచ్చింది. "మనవాళ్ళా!" అన్నాను జోక్‌గా. సాత్విక నవ్వలేదు. "మోహాక్ తెగ ఆదివాసులండీ. మనం మధ్యలో పెట్టిన జేకబ్ పొలం కూడా అంతకుముందు వాళ్ళదే." పెన్ను తీసి ఆ టిష్యూ మ్యాప్ మీద జేకబ్ పేరు కింద ఆ పేరు కూడా రాసింది.

ఆమెను ఇంకో సంగతి వేధిస్తోంది. జేకబ్ పేరుంది, పంది కూడా ఉంది. భార్య పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఎక్కడ చూసినా 'జేకబ్, అతని భార్య' అంతే.

ఆ పేరు అక్టోబర్‌లో దొరికింది. బయట కుండపోత. జేకబ్ తన పొలంలో ఒక ముక్క అమ్మిన కాగితం, 1773 నాటిది, వేరే కౌంటీ పుస్తకంలో బయటపడింది. కింద జడ్జి రాసిన నాలుగు వాక్యాలున్నాయి. సాత్విక వాటిని తెలుగులో చెబుతూ చదివింది.

"జేకబ్ భార్య కాట్రినా నా ముందుకు వచ్చింది. భర్త లేకుండా ఆమెను విడిగా విచారించాను. భర్త భయం గానీ, బలవంతం గానీ లేకుండా తన ఇష్టంతోనే ఒప్పుకున్నానని చెప్పింది."

"విడిగానా?"

"ఆ భూమిలో ఆవిడకీ హక్కుంటుంది. అందుకని మొగుడిని బయటికి పంపి అడగాలి. అది చట్టం." సాత్విక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "కాట్రినా. విష్ణూ, ఆవిడ పేరు కాట్రినా!"

కింద ఆవిడ గుర్తు. చదువు రాదేమో, ఒక వంకర గీత, పక్కన చిన్న సున్నా. గుమస్తా దాన్ని కూడా జాగ్రత్తగా ఎక్కించాడు. ఏ పుస్తకంలోనూ పేరు దక్కని మనిషి. కానీ ఒక రోజు, ఒక గదిలో, తలుపు మూసి, నీకిష్టమేనా అని అడిగారు. అడిగారు కాబట్టే పేరు రాశారు!

నేను తెర మీంచి చూపు తిప్పి సాత్విక వైపు చూశాను. ఆమె నన్ను మొదటిసారి గారు లేకుండా పిలిచిందని అప్పుడు తెలిసొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది.

బయట మెట్ల దగ్గర మాట్లాడి తిరిగొచ్చేసరికి ఆ ముఖం వేరు. "వచ్చే ఆదివారం ఎటోబికోలో మా పెద్దమ్మ ఇంట్లో తాంబూలాలట. మీరు ఓకే అన్నారట కదా?"

"నేనా? బాగా మాట్లాడుతుందమ్మా అన్నాను. అంతే!"

"ఆంటీ మా అమ్మకి ఫోన్ చేసి, పిల్లలిద్దరూ ప్రతి వారం కలుస్తున్నారు, ఇంకేం అన్నారట. మా అమ్మ పెద్దమ్మకి చెప్పింది. పెద్దమ్మ ముహూర్తం చూసింది. నాకు అందరికన్నా ఆఖర్న తెలిసింది."

"సాత్వికా, నాకు నిజంగా తెలీదు..."

"కాట్రినాని అడిగారండీ." మీరు, అండీ మళ్ళీ వచ్చేశాయి. "చదువు రాని మనిషిని. 1773లో. నన్ను ఎవరూ అడగలేదు."

బస్సెక్కి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే తీయలేదు. సారీ అని మెసేజ్ పెడితే ఒక్క జవాబు వచ్చింది: 'ఆదివారం వస్తాను. ఇక్కడికి వచ్చినప్పట్నుంచీ పెద్దమ్మే అమ్మలా చూసుకుంది. ఆవిడ మాట కాదనలేను.'

నాకు ఆ అమ్మాయి కావాలి. ఎంత కావాలో ఆ వారమే తెలిసింది. కానీ ఇలా కాదు, కాదనలేక కాదు. పోనీ నేనే కాన్సిల్ చేసేస్తే? అదీ ఆమెను అడక్కుండా తీసుకున్న నిర్ణయమే. అడిగితే? వద్దనొచ్చు. వద్దంటే శనివారాలుండవు.

ఆదివారం ఎటోబికోలో వాన. ఎయిర్‌పోర్ట్ పక్కనే కాబట్టి నిమిషానికో విమానం ఇంటి కప్పు మీదుగా వెళ్తోంది. హాల్లో పళ్ళేలు, పూలు. పెద్దమ్మ చాముండేశ్వరి గారు పట్టుచీరలో హడావిడి. పెదనాన్న సీతారామారావు గారు లడ్డూల మీద నిఘా. టేబుల్ మీద పూలకుండీకి ఆనించిన ఫోన్లో మా అమ్మ, పక్కన ట్యాబ్‌లో సాత్విక అమ్మానాన్న. వీళ్ళతో పాటు పొరుగింటి విశాలాక్షి గారు, రిటైరైన లేడీ డాక్టర్. ఈవిడ ఎవరి తరఫూ కాదు.

సాత్విక తల వంచుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు.

పెద్దమ్మ గారు పళ్ళెం ఎత్తబోతుంటే నేను లేచి నిలబడ్డాను. "ఒక్క నిమిషం ఆంటీ. అందరూ గరాజ్‌లోకి రావాలి."

"ఫైర్ అలారమా?" అన్నారు సీతారామారావు గారు, లడ్డూ పట్టుకునే లేస్తూ.

"కాదంకుల్. సాత్వికని మనమెవరం లేకుండా ఒకరు అడగాలి. ఈ పెళ్ళి ఇష్టమేనా అని. వద్దంటే ఎవరూ ఎందుకని అడక్కూడదు. నేను కూడా."

"ఇదేం వింత బాబూ? మా పిల్లని మేం బలవంతం చేస్తున్నామా?" అన్నారు పెద్దమ్మ గారు పళ్ళెం వదిలేసి.

"వింతేం కాదు చాముండీ." విశాలాక్షి గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఆపరేషన్‌కి ముందు నేను చేసిందదే. మొగుణ్ణీ అత్తగారినీ బయటికి పంపి, ఏమ్మా, నీకిష్టమేనా అని అడిగేదాన్ని. అందరి ముందూ తలూపినవాళ్ళు నాతో వేరే మాట చెప్పేవాళ్ళు. పదండి, పదండి."

నేను ఫోనూ ట్యాబూ చంకన పెట్టుకున్నాను. "నన్నెక్కడికి తీసుకుపోతున్నావురా? చీకటిగా ఉందేంట్రా?" అని చంకలోంచి అమ్మ.

తలుపు మూసేముందు ఒక్కసారి వెనక్కి చూశాను. సాత్విక తలెత్తి ఉంది. ఆ చూపుకి అర్థం మాత్రం తెలియలేదు.

గరాజ్‌లో స్నో టైర్ల మధ్య నిలబడ్డాం. షట్టర్ మీద వాన. జేకబ్ డెల్‌ఫోర్డ్ కూడా ఇలాగే నిలబడి ఉంటాడు కదా! పందికోసం పోట్లాడిన మనిషి, జడ్జిని తిట్టిన మనిషి, ఆ రోజు మూసిన తలుపు బయట నోరు మూసుకుని. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికీ తెలిసి ఉండదు. లోపల తన మనిషి ఏం చెబుతుందో తెలియకుండా నిలబడటం ఎంత భయమో, ఎంత గొప్పగా ఉంటుందో ఏ గుమస్తా రాయలేదు.

తలుపు తెరుచుకుంది. విశాలాక్షి గారు.

"ఏమంది?" అందరం ఒకేసారి.

"నాతో చెప్పనంది. నిన్ను రమ్మంది బాబూ. ఆ ఫోనూ ట్యాబూ ఇటివ్వు. మీ అమ్మ లేకుండా వెళ్ళు."

హాల్లో సాత్విక కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"డాక్టర్ గారితో అడిగించావు," అంది. గారు లేదు, అండీ లేదు. "మీ అమ్మగారు మా అమ్మని అడిగారు. జడ్జి కాట్రినాని అడిగాడు. జేకబ్ అడిగాడో లేదో రికార్డులో లేదు. నువ్వు అడిగావా?"

ఇన్ని శనివారాలు! పంది గురించి అడిగాను, వాగు గురించి అడిగాను.

"సాత్వికా," అన్నాను. పైనుంచి విమానం. అది వెళ్ళేదాకా ఆగి మళ్ళీ అన్నాను. "నన్ను పెళ్ళి చేసుకుంటావా? వద్దంటే మీ పెద్దమ్మకి నేను చెప్తాను, నాకే ఇష్టం లేదని."

"అబద్ధం చెప్తావా?"

"చెప్తా. చాలా కష్టపడి చెప్తా."

నా ముఖంలోకి అలాగే చూసింది, తెర మీద చేతిరాత చూసినట్టు, ఒక్కో అక్షరం. కళ్ళద్దాల వెనక నీళ్ళు తిరిగాయో, వాన వెలుగో.

నన్ను దాటుకుని వెళ్ళి గరాజ్ తలుపు తీసింది. టైర్ల మధ్య అందరూ బిక్కచచ్చి నిలబడి ఉన్నారు. విశాలాక్షి గారి చేతిలో ఫోన్ "ఏమైందమ్మా, ఎవరైనా చెప్పండి!" అని మొత్తుకుంటోంది.

సాత్విక ఆ ఫోన్ రెండు చేతులా అందుకుని చీకట్లోంచి వెలుగులోకి తిప్పింది.

"ఇక్కడ చలిగా ఉంది," అంది. "లోపలికి వెళ్దాం రండి, అత్తయ్యా."