జాబితాలో రెండో ప్యాడ్

మా అన్న సందీప్ సగంలో వదిలేసిన కారు రేసు ఒకటి కంప్యూటర్‌లో అలాగే ఉండిపోయింది. బైకు ప్రమాదంలో అన్న పోయి పద్నాలుగు నెలలైంది. ఆ రేసు నేను పూర్తి చేయాలని ఎందుకో పట్టుదల పట్టుకుంది. కీబోర్డుతో ఆడితే మలుపుల్లో కారు అదుపు తప్పుతోంది. అందుకే గేమ్‌ప్యాడ్ కొందామని ధర్మవరంలోనే రామదాసన్న కంప్యూటర్ అంగడికి పోయాను.

"వైర్‌లెస్ వద్దులే అశ్వినీ. ఆట మధ్యలో చార్జింగ్ అయిపోతాది. తీగున్నదే తీసుకో," అన్నాడు.

చవక ప్యాడ్‌లలో కొన్నాళ్లకు బొటనవేలితో తిప్పే స్టిక్ ఎవరూ ముట్టుకోకుండానే ఒక పక్కకు జరుగుతుందట. అయస్కాంతంతో పనిచేసే స్టిక్ ఉన్నది తీసి చేతిలో పెట్టాడు. "ఇది జరగదు. నాది పూచీ."

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. మే నెల. వడగాలి దుమ్మెత్తి కిటికీ రెక్కలకేసి కొడుతోంది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. గదిలో పట్టు నూలు వాసన, వేడెక్కిన ఫ్యాను వాసన. నాయన బజారుకు పోయాడు. పక్క గదిలో మగ్గం చప్పుడు లేక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

తీగ గుచ్చి, సరిగా పనిచేస్తోందో లేదో చూద్దామని కంప్యూటర్‌లో గేమ్‌ప్యాడ్‌ల జాబితా తెరిచాను.

అందులో రెండు ప్యాడ్‌లు ఉన్నాయి.

రామదాసన్నకు ఫోన్ చేశాను. "ఒక్కోసారి ఒకటే రెండుగా చూపిస్తాదమ్మా. పీకి చూడు, రెండూ పోతాయి."

పీకాను. మొదటి పేరు పోయింది.

రెండోది పోలేదు.

దాని మీద నొక్కాను. బటన్‌లను పరీక్షించే విండో తెరుచుకుంది. ఒక చదరంలో చిన్న ప్లస్ గుర్తు. పక్కన అంకెలు వేసిన గుండ్రాలు. బటన్ నొక్కితే ఆ అంకె ఎర్రగా వెలగాలి. నా ప్యాడ్ ఒళ్లో ఉంది. దాని తీగ నేల మీద వేలాడుతోంది.

ప్లస్ గుర్తు కదిలింది. నెమ్మదిగా... ఎడమకు. తర్వాత కుడికి. కొత్తగా పట్టుకున్న చేయి తడుముతున్నట్టు.

"మజ్జిగ తాగుదువు రాయే..." అంటూ లోపలికొచ్చిన అమ్మ తెర చూసి ఆగిపోయింది.

"ఎవరే ఆడిస్తాండేది?"

"ఎవరూ లేరమ్మా."

అమ్మ గ్లాసు కింద పెట్టి నా పక్కన కూర్చుంది. నిద్రపోతున్న బిడ్డను పలకరించినంత మెల్లగా అడిగింది. "ఏమప్పా... ఈడ ఉండావా?"

ఒకటో అంకె వెలిగింది.

"అమ్మా, వద్దు..."

"నువ్వు ఉండవే." అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నాయనా, అవునంటే ఒకటి నొక్కు. కాదంటే రెండు. నా మాట ఇనపడతాందా?"

ఒకటి.

అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పద్నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె నవ్వడం చూశాను. నాకు కూడా ఒక్క క్షణం భయం పోయింది. అన్నేనేమో...

"నువ్వు నా సందీప్‌వే కదా?"

ఫ్యాను తిరుగుతోంది. ప్లస్ గుర్తు కదలడం మానేసింది.

రెండు వెలిగింది.

నా మణికట్టు మీద అమ్మ వేళ్లు చల్లబడ్డాయి. "మరి... మావోడు నీకు తెలుసునా?"

ఒకటి.

"నీ కాడనే ఉండాడా?"

ఒకటి. వెంటనే.

"వాన్ని ఒక్కసారి పిలువప్పా..."

రెండు. రెండు. రెండు.

"ఎందుకు పిలవవు? ఎంతమంది ఉండారు మీరు ఆడ?" అమ్మ తెర మీదికి వంగింది.

ఒకటో అంకె వెలిగి ఆరింది. మళ్లీ వెలిగింది. మళ్లీ... మళ్లీ... నలభై దాకా లెక్కపెట్టాను. ఆగలేదు. ఉన్నపళంగా వంగి గోడ ప్లగ్గు పీకేశాను.

తెర నల్లబడింది. కానీ నా మణికట్టు మీద అమ్మ చూపుడు వేలు కొట్టుకుంటూనే ఉంది. అదే వేగంతో.

"అమ్మా... ఆపు."

"నేనేం చేస్తాండానే?"

అనంతపురంలో డాక్టరుకు చూపించాం. నరాల బలహీనత అని మందులిచ్చాడు. తొమ్మిది రోజులు ఆ వేలు ఆగలేదు. తింటున్నప్పుడూ, నిద్రలోనూ.

నిన్న మధ్యాహ్నం హఠాత్తుగా ఆగింది. హమ్మయ్య అనుకుంటూ, పడుకుని ఉన్న అమ్మ దగ్గరికి పోయాను. అమ్మ నన్ను చూడలేదు. మూసి ఉన్న తలుపు వైపే చూస్తూ, మెల్లగా గోడ పక్కకు జరిగి, వచ్చేవాళ్లకు మంచం మీద చోటిచ్చింది.