మూడో గడిలో రాజు

ఆపరేషన్‌కి చాలాసేపు పడుతుందన్నారు డాక్టర్లు. వెర్నాకి ఆస్పత్రి కుర్చీలో చేతులు ముడుచుకుని కూర్చోవడం చేతకాదు. కాలుగాలిన పిల్లిలా కాసేపు తిరిగి, మొగుడు డెల్మర్ కళ్లజోడు సంచిలో వేసుకుని, రోడ్డు దాటి తనకు అలవాటైన కేసినోకి వెళ్లింది. కబురేదైనా ఉంటే నర్సు ఫోన్ చేస్తానంది.

బయట లాస్ వెగాస్ ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల కిటికీల్లేని చీకటి, ఏసీ చలి, తివాచీలో ఏళ్లతరబడి ఇంకిన సిగరెట్ కంపు. బార్ పొడుగునా పేకాట మెషీన్లు తమలో తాము గొణుక్కుంటున్నట్టు సన్నగా మోగుతున్నాయి.

ఆ మెషీన్లు బాగుచేసే పనిలోనే డెల్మర్ తల నెరిసింది. "దానికి జ్ఞాపకం ఉండదే పిచ్చిదానా! నువ్వు మీట నొక్కిన క్షణాన ముక్కలు పడతాయి. పోయిన ముక్కకీ వచ్చే ముక్కకీ చుట్టరికం లేదు" అనేవాడు. పడ్డ ఐదింటిలో ఏవి ఆపాలో, ఏవి పారేసి కొత్తవి తెచ్చుకోవాలో నేర్పింది ఆయనే. చిన్నదైనా సరే జత ఉంటే దాన్ని ఆపాలి, ఒంటరి రాజుని నిర్మొహమాటంగా పారెయ్యాలి. వెర్నా వేళ్లు ఆ సూత్రం ఏనాడూ తప్పలేదు.

మొదటి ఆట. రెండు ఆరులు, మూడో గడిలో ఆఠీన్ రాజు. పారేసింది.

రెండో ఆట. రెండు నాలుగులు, మూడో గడిలో ఆఠీన్ రాజు. పారేసింది.

మళ్లీ... వాడే.

"చూడవే ఒఫేలియా, వీడు నన్నొదలట్లేదు."

బార్‌లో గ్లాసులు తుడుస్తున్న ఒఫేలియా తొంగిచూసి నవ్వింది. "అచ్చం మీ ఆయనలాగే అక్కా!"

వెర్నా కూడా నవ్వి, పారేసింది.

ఫోన్ మోగింది. నర్సు. "బీపీ బాగా పడిపోతోందమ్మా... డాక్టర్లు చూస్తున్నారు. మీరెక్కడున్నారు?"

గాభరాగా లేవబోతే చెయ్యి తగిలి మీట పడింది. రెండు తొమ్మిదులు. మూడో గడిలో రాజు.

ఈసారి వేలు ఆగింది. రాజు కింద నొక్కితే 'ఆపు' దీపం వెలిగింది, ఆపైన ముక్కలు మార్చే పెద్ద మీట నొక్కింది. తొమ్మిదుల జత పోయింది. రాజు మిగిలాడు. నర్సు ఇంకా లైన్లోనే ఉంది. "ఆగండమ్మా... ఆ, తేరుకుంటున్నారు."

అప్పుడు పట్టుకుంది వెర్నాకి అసలు భయం. జ్ఞాపకం లేనిది గుర్తుపెట్టుకుంటోంది. ఇప్పుడు తను లేచిపోతే? ఆ రాజుని ఎవరు ఆపుతారు?

కూర్చుంది. ఆపుతూనే ఉంది. ప్రతి ఆటా పోతూనే ఉంది. పోతే పోనీ.

ఉన్నట్టుండి తెర మెరిసింది. రాయల్‌కి, అంటే ఆ ఆటలో అన్నిటికన్నా పెద్ద గెలుపుకి, కావలసిన ఇస్పేటు ముక్కలు నాలుగు ఒక్కసారే పడ్డాయి. అలాంటిది రావడానికి జనం ఏళ్లు కాచుకుంటారు. ఒక్క ముక్కే తక్కువ. మధ్యలో... ఆఠీన్ రాజు.

"అమ్మ బాబోయ్!" ఒఫేలియా బార్ మీదికి వంగింది. "ఇంకేం చూస్తావక్కా, వాణ్ని పారెయ్!"

"నోర్ముయ్యవే," గుసగుసలాడింది వెర్నా.

రాజునొక్కణ్నే ఆపి, నాలుగు ఇస్పేట్లూ పారేసింది.

"నీకేమైనా పిచ్చెక్కిందా?"

ఫోన్ మోగింది. "గండం గడిచిందమ్మా. ఆపరేషన్ అయిపోయింది. కాసేపట్లో చూడొచ్చు."

"బతికాడే! నా మొగుడు బతికాడే!" వెర్నా భోరుమని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. సంచి భుజాన వేసుకుని లేచింది.

వెనక ముక్కలు పడుతున్న చప్పుడు. ఐదు.

తిరిగి చూసింది. మీట ఎవరూ నొక్కలేదు. మూడో గడిలో రాజు లేడు. ఆఠీన్ రాణి ఉంది. చుట్టూ నాలుగు పనికిమాలిన ముక్కలు, ఒకదానికొకటి పొత్తు లేనివి. వాటి కింద 'ఆపు' దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి... ఒకటి... రెండు... నాలుగో గడి... ఐదో గడి.

రాణి కింద వెలగలేదు.

"ఒఫేలియా..." రాణి కింద వేలితో పొడిచింది. వెలగలేదు. రెండు చేతులతో అదిమిపట్టింది. వెలగలేదు.

ఆ పక్కనే, ముక్కలు మార్చే పెద్ద మీట... ఎవరో తీరిగ్గా బొటనవేలు మోపినట్టు... మెల్లగా కిందికి దిగుతోంది.